ఐదో మాట

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మాటకీ మాటకీ మధ్య ఒక పాట, ఒక ప్రార్థన. 17వ శతాబ్దం చివర్లో పెరూలోని లీమా నగరంలో అలోన్సో మెసియా అనే జెసూట్ గురువు ఈ మూడు గంటల ఆరాధనకు రూపమిచ్చాడంటారు. మా దగ్గర ఆ రోజు పాస్టరు గారితో పాటు బడిపంతులూ, బ్యాంకు ఉద్యోగీ, స్త్రీల సమాజం అక్కా పుల్‌పిట్ ఎక్కుతారు. ఏడాది పొడుగునా వినేవాళ్లు ఆ ఒక్క రోజూ వినిపిస్తారు.

మాటలు పంచుకునేటప్పుడు మొదటిదానికి గిరాకీ ఎక్కువ. చంపుతున్నవాళ్లనే క్షమించమన్న మాట కదా! పక్క సిలువ మీది నేరస్తుడికి పరదైసు ఇచ్చిన రెండో మాట కూడా ప్రసంగానికి బాగా పండుతుంది. దేవుడే చెయ్యి వదిలేశాడన్న నాలుగో మాటను వేదాంతం చదివినవాళ్లకు వదిలేస్తారు. ఐదోది ఎవరికీ పట్టదు. దాహమేస్తోందన్నాడు, అంతే. దాని మీద పావుగంట ఏం మాట్లాడతాం? అందుకే చాలామంది అది ఆత్మల రక్షణ కోసం పడిన దాహమని చెప్పి ముందుకు సాగిపోతారు. నేను ఏటా ఆ మాటే అడిగి పుచ్చుకుంటాను. నా పట్టింపు ఒకటే: ఆ దాహాన్ని దాహంగానే ఉంచాలి.

ఎందుకంటే సిలువ అన్నది ముందుగా ఒంటికి వేసిన శిక్ష. రోమా ప్రభుత్వం దాన్ని ఎక్కువగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసేది. స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక, క్రీ.పూ. 71లో, కపువా నుంచి రోము దాకా దారి పొడవునా ఆరు వేల మందిని సిలువ వేశారు. 1968లో యెరూషలేములో ఒక సమాధి తవ్వితే, మేకు దిగబడి ఉన్న మడమ ఎముక దొరికింది. ఈ రోజు మనం గొలుసుకు బంగారు సిలువ వేసుకుంటున్నాం. తప్పని అనను. కానీ ఆ మేకు ఎముకలోకి దిగిందన్న సంగతి మరిచిపోతే, సిలువ మెడలో నగగానే మిగిలిపోతుంది. కొరడా దెబ్బలకు నెత్తురు పోయి, ఎండలో గంటలకొద్దీ వేలాడిన మనిషికి నోరెండిపోతుంది. మేకులు కొట్టే ముందు సైనికులు మత్తు కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోతే వద్దన్నవాడు, చివరికి తాగడానికి ఇమ్మని అడిగాడు.

ఈ మాట యోహాను సువార్తలోనే ఉంది. అదే సువార్త నాలుగో అధ్యాయంలో ఆయన మరోసారి దాహం అడుగుతాడు. సమరయలో, యాకోబు బావి దగ్గర, మిట్టమధ్యాహ్నం. అడిగింది యూదులు అంటు పాటించే సమరయ స్త్రీని. నా చేతి నీళ్లు నువ్వెలా తాగుతావని ఆమే ఆశ్చర్యపోయింది. ఈ ప్రశ్నకు మన ఊళ్లలో వ్యాఖ్యానం అక్కర్లేదు. రెండు గ్లాసుల టీ కొట్లు చూసిన తరం ఇంకా బతికే ఉంది. 1985 జూలైలో కారంచేడులో దళితులు తాగే చెరువు నీళ్లను పాడు చేయొద్దని ఒక దళిత మహిళ అడ్డుపడింది. మర్నాడు దళితుల మీద దాడి జరిగింది, ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మిగిలినవాళ్లు ఊరు విడిచి చీరాల చేరారు. అది చదివిన నాకు ఐదో మాట ఆత్మ సంబంధమైనదని చెప్పడానికి నోరు రాదు.

ఈ వేలు బయటికే చూపించి ఊరుకోలేం. మాల చర్చి, మాదిగ చర్చి అని వేరువేరుగా ఉన్న ఊళ్లు మనకు కొత్త కాదు. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్ర గురించి బోధించి, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడిగే విశ్వాసులూ కొత్త కాదు. సమరయ స్త్రీ అడిగిన ప్రశ్న మన మందిరాల్లో కూడా జవాబు లేకుండానే ఉంది.

ఏడు మాటలనూ వరసగా పెట్టి చూస్తే నాకొకటి కనిపిస్తుంది. క్షమాపణా, పరదైసూ, నాలుగో మాటలోని కేకా, పని ముగిసిందన్న ప్రకటనా, ఆత్మను అప్పగించడమూ ఆయనకూ తండ్రికీ సంబంధించినవి, లేదా ఆయన ఒక్కడే ఇవ్వగలిగినవి. కింద నిలబడ్డవాళ్లు చేయగలిగింది రెండు మాటల విషయంలోనే. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట విని, ఆ శిష్యుడు ఆమెను తన ఇంటికి తీసుకెళ్లాడు. ఐదో మాట విని ఎవరో స్పంజిని పులిసిన ద్రాక్షారసంలో ముంచి నోటికందించారు. అది రోమా సైనికులు రోజూ తాగేదే, కాబట్టి తమ వాటాలోంచే ఇచ్చి ఉంటారు.

సిలువ ఈనాటి క్రైస్తవుడికి ఏం చెబుతుందని అడిగితే నా జవాబు ఈ రెండు మాటల్లోనే ఉంది. రక్షణ ఆయన పని, అది ముగించానని ఆయనే చెప్పాడు. దిక్కులేని తల్లిని ఇంటికి తెచ్చుకోవడం, దాహమన్నవాడికి కులం అడక్కుండా మన వాటాలోంచి ఇవ్వడం మన పని. మత్తయి 25వ అధ్యాయం ప్రకారం తీర్పు రోజున మనల్ని అడిగేది కూడా దాని గురించే.