అంజూరపు చెట్టు ఉపమానం: ఎవరి గుర్తులు, ఎవరి ఎదురుచూపు?

నస్పూర్‌లో, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల చుట్టూ ఉన్న కార్మికవాడల్లో అంజూరపు చెట్టు ఉపమానం మీద ప్రసంగాలు మేము చిన్నప్పటి నుంచీ వింటున్నాము. కొమ్మ లేతదై చిగురుపెడితే ఎండకాలం దగ్గరపడ్డట్టు. అట్లనే గుర్తులు కనబడ్డప్పుడు రావలసినవాడు వాకిట్లనే ఉన్నాడని తెలుసుకోవాలె. మత్తయి 24, మార్కు 13, లూకా 21 అధ్యాయాల్లో ఉన్న మాట ఇది.

మన బోధకులు చాలామంది చెట్టు అంటే ఇజ్రాయెల్ అనీ, చిగురు అంటే 1948 అనీ చెప్తరు. ఈ అర్థం మాలమాదిగ వాడల్లో పుట్టింది కాదు. 1970లో హాల్ లిండ్సే పుస్తకం దీన్ని అమెరికా అంతటా మోసుకుపోయింది. తరానికి 40 ఏండ్లని లెక్కగట్టి 1988 వైపు చూసినవాళ్లున్నారు. ఆ ఏడు వచ్చింది, పోయింది. ఆ గడియ ఎవరికీ తెలియదని అదే అధ్యాయం చెప్తుంటే, లెక్కలు మాత్రం ఆగలేదు.

మార్కును వరుసగా చదివితే వేరే సంగతి కనబడుతుంది. విధవరాండ్ర ఇండ్లు మింగే శాస్త్రుల మీద మందలింపు, ఆ వెంటనే పేద విధవరాలి రెండు కాసులు, ఆ తర్వాతనే దేవాలయపు రాళ్లను చూసి శిష్యుని అబ్బురం. రాయి మీద రాయి నిలువదన్నది దానికి జవాబు. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఆ గుడిని కూల్చింది. అంటే ఉపమానం మొదలయ్యేది బీదల సొమ్ము తిన్న వ్యవస్థ ముగింపు దగ్గర.

లూకా ఇంకో అడుగు వేస్తాడు: అంజూరాన్నే కాదు, అన్ని చెట్లనూ చూడమంటాడు. అట్లయితే మా మోదుగు, ఇప్ప కూడా గుర్తులే. చెట్టును చూసి కాలం చెప్పడం కూలి మనిషి విద్య. బాయిల పైకప్పును కట్టెతో కొట్టి, డొల్ల చప్పుడొస్తే ప్రమాదమని తెలుసుకునుడూ అదే విద్య. ఆ చప్పుడు విన్నోడు కూర్చొని తేదీ లెక్కగట్టడు. పక్కోణ్ని కూడా గుంజుకొని బయటపడతడు.

అభ్యుదయవాదులైన మిత్రులు ఇదంతా మత్తుమందు అంటరు. మేము ఒప్పుకోము. వెట్టి చేసిన మా అవ్వలకు ‘దొర లోకం ఎల్లకాలం ఉండదు’ అన్న మాట బతుకుబలం. తప్పు ఆశది కాదు, ఆశను చేతులు కట్టుకునే ఓపికగా మార్చినోళ్లది.

ఆ ఓపిక ఎవరికి లాభం? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్.సి. హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులు మాత్రం బి.సి.-సి కింద 1 శాతంలో సర్దుకోవాలె. మతం అడ్డు తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. కాబట్టి ‘ఎదురుచూడుడి’ అన్న బోధ సర్కారుకూ అక్కరకొచ్చేదే.

మత్తయిలో ఈ ప్రసంగం ముగిసేది ఆకలిగొన్నవాడు, దప్పిగొన్నవాడు, చెరసాలలో ఉన్నవాడు అన్న తీర్పుతో. ‘ఎప్పుడు చూసినం నిన్ను?’ అని అక్కడ అడిగేవాళ్లలో, మబ్బుల దిక్కు చూస్తూ వాకిట్లున్నోణ్ని దాటిపోయినవాళ్లూ ఉంటరు. మన సంఘాలు ముందు ఆ ప్రశ్నకు జవాబు వెతకాలె.