దారం మీదే పూసే పువ్వు

సెలవు దొరికితే ఎటు పోవాలన్న ప్రశ్నకు ఉప్పల్ వాళ్లకున్నన్ని జవాబులు హైదరాబాద్‌లో చాలా పేటలకు లేవు. రింగురోడ్డు దగ్గర నిలబడితే ఒక దారి హబ్సిగూడ మీదుగా సికింద్రాబాద్‌కు పోతుంది, ఒకటి రామంతాపూర్ మీదుగా అంబర్‌పేటకు, ఒకటి నాగోలు మీదుగా ఎల్బీనగర్‌కు. నాలుగోది ఘట్‌కేసర్ దాటి భువనగిరి, యాదగిరిగుట్ట, ఆలేరు, వరంగల్ పోతుంది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2023లో చౌరస్తా మీద ఆకాశవంతెన వచ్చాక రోడ్డు దాటడానికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిన అవసరమూ తప్పింది. ఆదివారం పొద్దున ఆ వంతెన మీద నుంచి కిందికి చూస్తే, టిఫిన్ డబ్బాలూ పసిపిల్లలతో గుట్ట బస్సు కోసం పరుగెత్తేవాళ్లు సగం మంది, బిర్యానీ పొట్లాలతో ఇంటిముఖం పట్టినవాళ్లు సగం మంది.

ఈ చుట్టుపక్కల తిండి గురించి, తిరుగుడు గురించి చెప్పేవాళ్లు రుచి ఎలా ఉంది, ఫొటో ఎలా వచ్చింది అన్న దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఇక్కడ నచ్చిన ప్రతిదానిలోనూ ఒకే గుణం కనిపిస్తుంది. అసలు పనంతా మనం చూడకముందే అయిపోయి ఉంటుంది. గిన్నెలోకి వచ్చేదీ, కొట్టులో మడత విప్పేదీ చివరి అంకం మాత్రమే.

రంజాన్ నెలలో హలీం సంగతే చూడండి. హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా, నాచారం రోడ్డు మీదా హోటళ్ల ముందు ఇటుకలూ మట్టీ పేర్చి భట్టీలు కడతారు. అందులో పెద్ద దేగ్చా, కింద కట్టెల మంట. గంటల తరబడి ఉడికిన మాంసం, గోధుమలు, పప్పులు, మసాలాలు, నెయ్యి అన్నీ ఒకటయ్యేదాకా ఇద్దరు మనుషులు నిలబడి బరువైన చెక్క దుడ్డులతో దంచుతారు. మన వంటింటి పప్పుగుత్తి మనిషెత్తు పెరిగితే ఎలా ఉంటుందో ఆ దుడ్డు అలా ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది వాళ్ల బలం కాదు, లయ. ఒకరి దెబ్బ పడి లేచేలోపు రెండోవారిది పడాలి, లేకపోతే అడుగు అంటుతుంది. అడుగంటిన వాసన ఒక్కసారి పట్టిందంటే ఆ దేగ్చా మొత్తం పోయినట్టే, నెయ్యి ఎంత పోసినా కప్పలేదు.

హలీంకు మూలం అరబ్బుల హరీస్. నిజాం కొలువులో సైనికులుగా చేరి బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ అరబ్బులు దాన్ని ఈ ఊరికి తెచ్చారు. ఊరు దానికి మసాలా నేర్పింది. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. మంచి హలీంను పోల్చుకోవడం కష్టమేమీ కాదు. చెంచాతో ఎత్తితే సన్నని పీచులు సాగాలి. మాంసపు పీచేదో గోధుమ జిగురేదో నాలుక్కి తెలియకూడదు. మిక్సీలో తిప్పినదైతే ముద్దలా విరిగిపోతుంది. మర పీచును కోస్తుంది, దుడ్డు విడదీస్తుంది, తేడా అంతా అక్కడే. పైన చల్లే వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మచెక్క గురించి ఎంత మాట్లాడుకున్నా అది అలంకారం కిందికే వస్తుంది.

మిఠాయిల్లో నా ఓటు ఖుబానీకే. డబుల్ కా మీఠా చెడ్డదని కాదు. రొట్టె ముక్కల్ని నేతిలో ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించే ఓపిక ఉంటే అదీ గొప్పదే. ఆ ఓపిక లేనివాళ్లు చేసింది పాలల్లో నానిన బ్రెడ్డులా మిగులుతుంది, పెళ్లి భోజనాల్లో ఎక్కువగా దొరికేది ఆ రకమే. ఖుబానీ కా మీఠాలో దాక్కోవడానికి చోటు లేదు. ఖుబానీ అంటే ఆప్రికాట్, ఈ నేల మీద కాయని పండు అది, ఎండబెట్టినదే ఇక్కడికి వస్తుంది. ముందు రాత్రి నీళ్లలో నానబెడతారు. పొద్దున గింజలు తీసి, నానిన నీళ్లలోనే సన్నని సెగ మీద ఉడికిస్తారు. పండు పూర్తిగా మెత్తబడ్డాకే చక్కెర వేయాలి. ముందే వేస్తే తొక్క బిగుసుకుపోయి ఎంతసేపు ఉడికినా నలగదు. తీసేసిన గింజల్ని పారేయరు. ఒక్కొక్కటీ పగలగొట్టి, లోపలి బాదంలాంటి పలుకు తీసి పైన వేస్తారు. ఇది ఎవరూ అడగని పని, కొలిచి జీతం ఇవ్వలేని పని. హోటల్లో ఖుబానీ గిన్నె ముందుకు రాగానే నేను మొదట ఆ పలుకుల కోసం వెతుకుతాను. వాటి స్థానంలో మామూలు బాదం తరుగు ఉంటే గింజలు పగలగొట్టే మనిషి ఆ వంటింట్లో లేడని అర్థం. మీగడ బదులు ఐస్‌క్రీం వేశారా అన్నది ఆ తర్వాతి విషయం.

సంతలకు వస్తే, చలికాలపు పెద్ద పండగ నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలుపెట్టిన ప్రదర్శన అది. తర్వాత నాంపల్లి మైదానానికి మారి, మామూలుగా ఏటా జనవరి 1న మొదలవుతోంది. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి గాంధీభవన్‌లో దిగితే చాలు, కారు నిలిపే చోటు కోసం వెతుక్కునే బాధ ఉండదు. ఇంటి దగ్గర కావాలంటే 2019లో తెరిచిన ఉప్పల్ శిల్పారామం ఉంది, మెట్రోకు దగ్గర్లోనే. మాదాపూర్ దానితో పోలిస్తే చిన్నది. సాయంత్రం ఒక చుట్టు తిరిగి, పిల్లలకు మొక్కజొన్న పొత్తు కొనిపెట్టి రావడానికి సరిపోతుంది. ఈ రెండు చోట్లా ఇక్కత్ బట్టలు కుప్పలుగా కనిపిస్తాయి. ఆ కుప్పలో ఏది నేసిందో ఏది అచ్చు వేసిందో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలంటే గంటా గంటన్నర ప్రయాణం చేసి, ఇక్కత్ నేసే పోచంపల్లి వెళ్లాలి.

ఉప్పల్ వాళ్లు సాధారణంగా ఎంచుకునేది వేరే దారి. భువనగిరి ఏకశిల గుట్ట ఎక్కి, చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలం నాటి కోట చూసి, అక్కణ్నుంచి యాదగిరిగుట్ట. నల్లని కృష్ణశిలతో తిరిగి కట్టిన గుడి 2022 మార్చి 28న తెరుచుకుంది. దాని రూపకల్పన సినిమా కళాదర్శకుడు ఆనంద్‌సాయి చూశాడన్నది నాకు భలే ఇష్టమైన సంగతి. నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియో లాంటి చోట్ల ప్యారిస్ ప్లాస్టర్‌తో గుడి లేపి షూటింగ్ కాగానే పడగొట్టే విద్య ఒకటి ఉంది. ఆ విద్యలోంచి వచ్చిన మనిషికి ఎప్పటికీ పడగొట్టని గుడి అప్పగించారు. ఆ గుడి రాతిపని మీద విడిగా ఒక వ్యాసమే రాయాలి. ఇప్పుడు మగ్గం దగ్గరికి పోదాం.

భూదాన్ పోచంపల్లి పేరులోని సగం 1951 ఏప్రిల్ 18 నాటిది. ఆ రోజు వినోబా భావే అడగ్గా వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చాడు, భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఊళ్లో వినోబా మందిరం ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇది ఒకటి. ఇవన్నీ బోర్డుల మీద ఉంటాయి. బోర్డు చదివి వెనక్కి తిరగకుండా, మగ్గం చప్పుడు వినిపించే ఏ వీధిలోకైనా నడవండి. చూస్తామని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

బట్ట మీద బొమ్మ రావడానికి మామూలుగా రెండు దారులున్నాయి. కలంకారీలా నేసిన బట్ట మీద గీయడం ఒకటి, జరీ బుటాలా నేసేటప్పుడు రంగు దారం చొప్పించడం ఇంకొకటి. ఇక్కత్ ఈ రెండూ కాదు. ఇక్కడ బట్ట ఇంకా పుట్టకముందే దాని మీది పువ్వు దారం మీద ఉంటుంది. ముందు గళ్ల కాగితం మీద లెక్క వేస్తారు, ఏ పోగు మీద ఎక్కడ ఏ రంగు పడాలో. తర్వాత ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారంలో మేకులు, ఎదురుగా మధ్యలో ఇంకో మేకు. దారాన్ని మధ్య మేకు నుంచి వంపులోని మేకుకు, మళ్లీ వెనక్కి, మళ్లీ పక్క మేకుకు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి అటూ ఇటూ దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఇది తరతరాలుగా ఆడవాళ్ల పని, చీర ధరలో ఎక్కడా విడిగా కనిపించని పని.

ఆ చెయ్యి నొప్పిని కళ్లారా చూసినవాడు ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. ఆసు పోసీ పోసీ భుజాలు పడిపోయిన తల్లి కోసం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999కి యంత్రం పూర్తిచేశాడు. చదువు బడిలోనే ఆగిపోయిన మనిషి. యంత్రానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆయన కథ మీద సినిమా వచ్చింది. యంత్రాలు చేతిపనిని మింగేస్తాయని మనం వింటుంటాం కానీ, ఈ యంత్రం వల్ల చాలా ఇళ్లలో నేత నిలబడింది. చేతి నుంచి అది తీసుకున్నది విసుగునే. నేర్పును ముట్టుకోలేదు.

ఆసు అయ్యాక చిటికి కట్టడం. గుర్తులు పెట్టిన దారాల గుత్తుల్ని, రంగు పట్టకూడని చోట సన్నని రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. సైకిల్ ట్యూబు కోసి చేసిన పట్టీలవి. కట్టిన చోటికి రంగు పోదు, విడిచిన చోటికి పోతుంది. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. పసుపులో ముంచి తీసి, పసుపుగా ఉండాల్సిన చోట కట్టి, ఎరుపులో ముంచుతారు. మళ్లీ కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తవి కట్టి ఇంకో రంగు. ఎన్ని రంగులుంటే అన్ని విడతలు. ఈ కట్టేవాళ్ల వేళ్లను చూస్తుంటే ఆశ్చర్యమేస్తుంది. ప్రతి కట్టూ ఒకే బిగువు. వదులైతే రంగు లోపలికి పాకి పువ్వు మసకబారుతుంది. పావు అంగుళం జరిగితే ఏనుగు తొండం మెడకు అతకదు. పైగా ఆ తప్పు వాళ్లకు ఆ రోజు కనపడదు. ఎన్నో రోజుల తర్వాత మగ్గం మీద కనపడుతుంది. అప్పుడు దిద్దడానికి దారి ఉండదు.

తర్వాత రంగేసిన దారాన్ని వరస తప్పకుండా కండెలకు చుట్టి మగ్గం ఎక్కిస్తారు. పేకకు మాత్రమే రంగు కట్టి ఉంటే నేత కొంచెం సులువు. పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టి ఉంటే నాడె పోయిన ప్రతిసారీ ఆగి, నిలువు పోగు మీది మచ్చ అడ్డ పోగు మీది మచ్చతో కలిసిందో లేదో చూసి, వేలితో సర్ది, అప్పుడు పలక కొట్టాలి. ఈ రెండు వైపుల ఇక్కత్‌ను నేసే చోట్లు ప్రపంచంలో బహు తక్కువ. ముఖ్యంగా గుజరాత్‌లో పాటణ్, బాలిలో తెంగనాన్, జపాన్‌లో కొన్ని ఊళ్లు, ఇదిగో మన యాదాద్రి భువనగిరి జిల్లా. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంత లెక్కా కట్టుదిట్టం ఉన్నా అంచు మాత్రం గీత గీసినట్టు రాదు. ప్రతి పువ్వు చివరా రంగు కొద్దిగా నురగలా పక్కకు పాకి ఉంటుంది. దారం వెంట్రుకవాసి జరగడం వల్ల, కట్టు కిందికి రంగు చెమర్చడం వల్ల వచ్చే మసక అది. ఇక్కత్ అందమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. అచ్చు వేసేవాళ్లు ఇప్పుడు ఆ మసకనూ అచ్చులో దించేస్తున్నారు, కాబట్టి దాన్ని చూసి మోసపోవద్దు. బట్ట తిరగేసి చూడండి. నేసిన ఇక్కత్‌కు రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది, అచ్చుకు వెనకవైపు వెలిసి ఉంటుంది. ఒక పోగు పీకితే ఇంకా బాగా తెలుస్తుంది. నేసినదైతే ఆ ఒక్క పోగు మీదే రంగురంగుల ముక్కలుంటాయి. కొట్టువాడు పోగు పీకనివ్వకపోతే అంచు కుచ్చుల్లో చూడండి. అచ్చు బట్ట కట్టుకోవడం తప్పేమీ కాదు, చవక కదా. దాన్ని చేనేత అని అమ్మడమే తప్పు.

అందుకే నా సలహా, పోచంపల్లి ముందు వెళ్లండి, శిల్పారామానికీ నుమాయిష్‌కూ ఆ తర్వాత వెళ్లండి. ఒకసారి ఆసు చూసినవాళ్లు కొట్టులో చీర మడత విప్పే పద్ధతే మారిపోతుంది, బేరం గొంతు కూడా కాస్త తగ్గుతుంది.

ఇంకా పొద్దు ఉంటే అదే జిల్లాలోని పుట్టపాక వెళ్లొచ్చు. తేలియా రుమాలు అక్కడ నేస్తారు, 2020లో దానికి విడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు వేసే ముందు నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నూనెలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. దానివల్ల ఎరుపు, నలుపు దారంలోకి లోతుగా దిగి నిలుస్తాయి. ఒకప్పుడు అరబ్బు దేశాలవాళ్లు తలకు చుట్టుకోవడానికి వీటిని తెప్పించుకునేవాళ్లు. కొత్త రుమాలు ఇంటికి తెచ్చి బీరువాలో పెడితే పక్క బట్టలకూ నూనె వాసన పడుతుంది. ఇంట్లోవాళ్లు పాతది అంటగట్టారని దెబ్బలాటకు వస్తారు. అది అసలుదానికి గుర్తు అని చెప్పి, నాలుగు రోజులు విడిగా ఆరేయండి.