పదిహేనేళ్ల తర్వాత బండి

రాళ్లు, బురద, వాగులు దాటగల బండి మంచిదా కాదా అని తేల్చడానికి పత్రికల్లో వచ్చే పరీక్షలన్నీ కొత్త బండి మీదే జరుగుతాయి కాబట్టి, అది ఎంత వాలు ఎక్కుతుందో, ఎంత లోతు నీటిలో దిగుతుందో తెలుస్తుందే తప్ప, పదిహేనేళ్లు గడిచి, రెండు మూడు చేతులు మారి, కంపెనీ వర్క్‌షాపు ముఖం చూడడం మానేశాక దాని స్థితి ఏమిటన్నది తెలియదు. ఆఫ్‌రోడ్ వాహనానికి సంబంధించినంత వరకు ఇదే అసలు ప్రశ్న; ఎందుకంటే నగరంలో ఆగిపోయిన కారు యజమానికి విసుగును, ఖర్చును మిగిల్చి ఊరుకుంటుంది గాని, ఫోను సిగ్నల్ కూడా అందని అడవిదారిలో ఆగిన బండి అందులో ఉన్న మనుషులను ఆపదలోకి నెడుతుంది.

ఈ చర్చలో రెండు వేర్వేరు గుణాలను కలిపేసి మాట్లాడడం అలవాటైపోయింది. చెడిపోకుండా ఎంతకాలం నడుస్తుందన్నది విశ్వసనీయత. చెడిపోయాక, దగ్గర్లో ఉన్న మనిషితో, అతని చేతిలోని పనిముట్లతో, దొరికే విడిభాగాలతో మళ్లీ నడిపించగలమా అన్నది మరమ్మతుకు లొంగే గుణం. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ ప్రదర్శనలో లోకానికి పరిచయమైన తొలి ల్యాండ్ రోవర్‌గాని, ఆ వరుసలో 2016 జనవరి వరకు ఇంగ్లండులోని సోలీహల్‌లో తయారైన పాత డిఫెండర్‌గాని మొదటి గుణానికి పేరుపడినవి కావు; వాటికి ఆయిలు కారడం, నీరు లోపలికి రావడం మామూలే. రెండో గుణంలో మాత్రం వాటికి సాటి వచ్చేవి తక్కువ. రేకు సొట్టపడితే బోల్టులు విప్పి మరో రేకు బిగించవచ్చు, దాదాపు ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో మొదలుపెట్టిన వరుసలోని కమాండర్ జీపులు మన మన్యం ఊళ్లలో సంత సరుకునూ, పరిమితికి మించిన జనాన్నీ ఏళ్ల తరబడి మోయగలిగింది కూడా ఈ రెండో గుణం వల్లనే.

2004లో వచ్చిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3 ఈ పద్ధతిని పూర్తిగా మార్చివేసింది. నేల స్వభావాన్ని బట్టి ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకులు, సస్పెన్షన్ ఎలా ప్రవర్తించాలో ఒక మీట తిప్పి నిర్ణయించే ‘టెర్రైన్ రెస్పాన్స్’ అనే ఏర్పాటు మొదట అందులోనే వచ్చింది. ఇసుకలో యాక్సిలరేటర్ ఎంత తొక్కాలో, రాళ్ల మీద ఎంత నెమ్మదించాలో ఏళ్ల అనుభవంతో నేర్చుకోవలసిన విద్య ఒక్కసారిగా కంప్యూటర్ చేతికి వెళ్లింది. ఆ విద్య డ్రైవరు దగ్గర ఉన్నప్పుడు పాతబడేది కాదు. సెన్సర్లకు, వైర్లకు, మోటార్లకు అప్పగించాక మాత్రం వాటి ఆయుష్షే దాని ఆయుష్షు అయింది.

ఆ బండిలోని ఎయిర్ సస్పెన్షన్‌నే దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు బండి బరువును మోస్తాయి. వాటికి గాలి అందించే కంప్రెసర్ ఒకటి, ప్రతి చక్రం దగ్గర ఎత్తును కొలిచే సెన్సర్ ఒకటి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ రబ్బరు మడత దగ్గర సన్నని పగుళ్లు వచ్చి గాలి కొద్దికొద్దిగా పోతుంది. రాత్రి నిలిపిన బండి తెల్లవారేసరికి ఒక మూలకు ఒరిగి కనిపిస్తుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి, వేడెక్కి, లోపలి సీలు అరిగి చివరకు చేతులెత్తేస్తుంది. అప్పుడు బండి కిందికి దిగిపోయి, గంటకు 50 కిలోమీటర్లు మించవద్దన్న హెచ్చరిక వెలుగుతుంది. గాలి ఎక్కడ పోతోందో కనిపెట్టడానికి సబ్బునీళ్లు చాలు, బుడగలే చోటు చెబుతాయి. అయితే ఎత్తు సెన్సర్ మార్చవలసి వస్తే, బండికి దాని సరైన ఎత్తును మళ్లీ నేర్పించే పని స్కానర్ లేనిదే జరగదు. స్కానర్ అంటే బండిలోని కంప్యూటర్లతో మాట్లాడి, అవి నమోదు చేసుకున్న లోపాలను చదివి, అవసరమైతే కొత్త కొలతలను వాటిలో రాసే పరికరం.

ఇంతకంటే విచిత్రమైనది బ్రేకు లైటు స్విచ్చి కథ. పెడల్ మీద ఉండే ఈ చవక స్విచ్చి అరిగి తప్పుడు సంకేతం ఇచ్చిందంటే, వాలు దిగేటప్పుడు వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు పనిచేయడం లేదని, ప్రత్యేక ప్రోగ్రాములు ఆగిపోయాయని, గేర్‌బాక్సులో లోపమని వరసపెట్టి హెచ్చరికలు వస్తాయి. వాహనంలోని కంప్యూటర్లన్నీ ఒకే జత తీగల మీద సందేశాలు పంచుకునే పద్ధతిని బాష్ సంస్థ 1986లో ప్రకటించింది. ఒకే స్విచ్చి ఇచ్చే కబురును అయిదారు కంప్యూటర్లు నమ్ముకుని పనిచేస్తాయి గనుక, ఆ కబురు చెడితే అన్నీ ఒకేసారి గగ్గోలు పెడతాయి. బ్యాటరీ బలహీనపడినా ఇదే తంతు. ఈ సంగతి తెలిసిన మెకానిక్ ముందు స్విచ్చిని, బ్యాటరీని చూస్తాడు. తెలియనివాడు గేర్‌బాక్సు విప్పడానికి అంచనా రాసిస్తాడు.

ఇందులో తప్పంతా ఎలక్ట్రానిక్స్‌ది అనడం సబబు కాదు. కార్బురేటర్, కాంటాక్ట్ పాయింట్ల కాలంలో బండిని తరచూ ట్యూనింగ్ చేయించుకోక తప్పేది కాదు; ఆ బాధ ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి చిమ్మడం మొదలయ్యాకే తీరింది. పైగా వయసు మీద పడినప్పుడు ముందుగా లొంగేది చాలా సందర్భాల్లో చిప్పు కాదు, దాని చుట్టూ ఉన్నవే: నీరు చేరి పచ్చని చిలుము పట్టిన కనెక్టర్లు, కుదుపులకు వదులైన టంకాలు, ఎండిపోయిన కెపాసిటర్లు. పరిసర వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఆ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. వేసవిలో బానెట్ కింద అది పడే యాతన ఊహించుకోవలసిందే.

సాదా బండికి ఉదాహరణగా అందరూ చూపేది 1984లో మొదలై నేటికీ తయారవుతున్న టయోటా ల్యాండ్ క్రూజర్ 70 వరుసనే. ఆఫ్రికాలో ఐక్యరాజ్య సమితి సంస్థలు, సహాయ సంస్థలు వాడే ఆ బండ్లలో కనిపించే 4.2 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కు టర్బో లేదు, అది నడవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. అయితే ఆ ఇంజిన్‌ను మన దేశంలో కొత్తగా అమ్మడానికి ఇప్పుడు వీల్లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 కాలుష్య నియమాలకు అది తూగదు. ఆ నియమాలను అందుకోవడానికి కొత్త డీజిల్ బండ్లు పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టరును మోస్తున్నాయి. రోడ్డు మీద కాసేపు వేగంగా నడిస్తే ఆ మసి కాలిపోతుంది గాని, లో గేరులో గంటల తరబడి పాకే బండికి ఆ వేడి చాలక ఫిల్టరు మూసుకుపోయే ప్రమాదం ఉంది. గంధకం ఎక్కువగా ఉన్న డీజిల్ దొరికే దేశాల్లో ఈ ఏర్పాట్లు మరీ త్వరగా దెబ్బతింటాయి. శుభ్రమైన గాలి కావాలన్న కోరిక న్యాయమైనదే కాబట్టి, పాత సాదా ఇంజిన్లకు తిరిగిపోదామనే వాదన ముచ్చటగా వినిపించినా నిలబడదు.

కాబట్టి తగవు సంక్లిష్టతతో కాదు, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నదానితో. డిస్కవరీ 3 యజమానులు ఈ రోజుకీ ఆ బండ్లను నడుపుకోగలుగుతున్నారంటే, కంపెనీతో సంబంధం లేని చిన్న తయారీదారులు దానికి పనికొచ్చే స్కానర్లను అమ్మడం, బయటి మెకానిక్‌లు టర్బో మార్చడానికి పై బాడీ మొత్తాన్ని ఛాసిస్ నుంచి పైకెత్తే పనిలో చేయి తిరిగి ఉండడం వల్లనే. 2019 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆవిష్కరించిన కొత్త డిఫెండర్‌లో 85 వరకు కంట్రోల్ కంప్యూటర్లు ఉంటాయని, వాటిలో 14 గాలిలోంచే సాఫ్ట్‌వేర్ మార్పులు అందుకుంటాయని సంస్థ ప్రకటించింది. సర్వర్ పనిచేస్తున్నంత కాలం ఇది సౌకర్యమే. కాలిపోయిన కంప్యూటర్ స్థానంలో పాత బండిది తెచ్చి పెట్టినా, ఆ బండి నంబరుకు జత చేసే అనుమతి కంపెనీ నుంచి రానప్పుడు మాత్రం అది ఉత్త డబ్బా.

విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందనివ్వడం లేదంటూ భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసి, ఫోన్లు, వ్యవసాయ యంత్రాలతోపాటు వాహనాలనూ దాని పరిధిలో చేర్చింది. వీటిని కంపెనీలు కేవలం వ్యాపార తగాదాలుగా చూపవచ్చు గాని, ఆఫ్‌రోడ్ బండి విషయంలో ఇది భద్రత సంగతి.

చేతులు మారిన ఖరీదైన ఆఫ్‌రోడ్ బండిని ఊరించే ధరకు చూసి ముచ్చటపడేవారు, టెస్ట్ డ్రైవ్‌కు ముందే తమ ఊరి మెకానిక్ దగ్గరికి వెళ్లి, దానికి సరిపడే స్కానర్ అతని దగ్గర ఉందా, కంప్రెసర్ తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుంది అని అడిగి చూడాలి. ఈ రెండింటికీ తిన్నని జవాబు రాని బండిని, ధర ఎంత చవకైనా, కొనకపోవడమే మంచిది.