ఇంటిపేరు - కన్నతండ్రి - పెంచిన తండ్రి

తెలుగువారికి ఇంటిపేరు కేవలం పేరుకు ముందు నిలిచే పొడి అక్షరం కాదు. అది వంశానికీ, తరచుగా స్వగ్రామానికీ గుర్తు. 1955 నాటి సోవియట్ ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయి ఉక్కునగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇంటిపేరు హిందీ పద్ధతి ననుసరించి పేరు చివరకు జరిగి ఉండవచ్చు. దానిపై మమకారం మాత్రం తగ్గలేదు. అందుచేతనే ఆంధ్రదేశంలో పుట్టిన ఒక వివాదంపై 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అక్కడి తెలుగువారికి సైతం పరిశీలనార్హం.

2006లో భర్త మరణించేనాటికి బిడ్డ వయస్సు రెండున్నర నెలలు. తల్లి మరుసటి సంవత్సరం పునర్వివాహం చేసుకున్నది. 2008లో తాత, నాయనమ్మ 1890 నాటి సంరక్షకుల చట్టం క్రింద బిడ్డ సంరక్షణ కోరగా 2011లో క్రింది న్యాయస్థానం నిరాకరించింది. 2014లో హైకోర్టు మాత్రం కన్నతండ్రి ఇంటిపేరును పునరుద్ధరించాలనీ, ఆయన పేరు వ్రాయుటకు వీలులేని రికార్డులలో రెండవ భర్తను సవతి తండ్రిగా పేర్కొనాలనీ ఆదేశించింది. అప్పీలు విచారణలో ఉండగానే, 2019లో, ఆ భర్త రిజిస్టరు పత్రం ద్వారా బిడ్డను దత్తత తీసుకున్నాడు. సుప్రీంకోర్టు హైకోర్టు ఆదేశాన్ని రద్దుచేస్తూ, భర్త మరణానంతరం ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరును నిర్ణయించే హక్కూ, దత్తత ఇచ్చే హక్కూ కలవని స్పష్టం చేసింది.

ఈ తీర్పులోని విశిష్టత ఇంటిపేరును రక్తంతో గాక పెంపకంతో ముడివేయటం. ఇది సంప్రదాయ విరుద్ధమేమీ కాదు. ఔరసునితోపాటు పన్నెండు విధాల పుత్రులను పేర్కొన్న ధర్మశాస్త్రాలు పుత్రత్వాన్ని రక్తానికే పరిమితం చేయలేదు. కేతన 13వ శతాబ్దంలోనే మితాక్షరను విజ్ఞానేశ్వరీయముగా తెనిగించినందున ఈ చర్చ తెలుగువారికి కొత్తదీ కాదు. రికార్డులలో సవతి తండ్రి అన్న మాటను చూసినప్పుడల్లా బిడ్డ మనస్సు ఎంత నొచ్చుకుంటుందో గుర్తించటం ఈ తీర్పుకు వన్నె తెచ్చింది.

అయితే ఇక్కడ కన్నతండ్రి జీవించి లేడు. జీవించి ఉన్నట్లయితే సమస్య ఇంత సులభం కాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టానికి 2010లో జరిగిన సవరణ తల్లిదండ్రులిద్దరికీ దత్తత ఇచ్చే హక్కును సమానం చేసి, ఒకరి చర్యకు మరొకరి సమ్మతిని తప్పనిసరి చేసింది. సన్యాసం, మతాంతరం, న్యాయస్థానం నిర్ధారించిన మతిస్థిమిత లోపం మాత్రమే మినహాయింపులు. బిడ్డను విడిచి వెళ్ళి ఏళ్ళ తరబడి పలుకరించని తండ్రి ప్రస్తావన ఆ జాబితాలో లేదు. అతని సమ్మతి కోసం తల్లి నిరీక్షించవలసిందే. మరొకవైపు, బిడ్డను ప్రేమించే తండ్రికి ఆ సమ్మతి నిబంధనే రక్ష. వైవాహిక కలహంలో ఓడినవాడు పితృత్వాన్ని కూడా కోల్పోరాదన్న ఆశయం సమంజసమే. ఈ ఇద్దరు తండ్రులనూ వేరుచేసి చూడకపోవటమే చట్టంలోని లోపం.

అంతకు మించిన లోపం మరొకటి కలదు. సంరక్షకుడు దత్తత ఇచ్చేటప్పుడు న్యాయస్థానం బిడ్డ అభీష్టాన్ని గమనించాలన్న చట్టం, తల్లిదండ్రులు ఇచ్చేటప్పుడు ఆ మాటే ఎత్తదు. దత్తతతో జన్మకుటుంబ బంధాలు చట్టరీత్యా తెగిపోతాయి. తాత, నాయనమ్మల జ్ఞాపకం తెగదు. ఎవరి ఇంటిపేరు నిలవాలన్న వివాదంలో, ఆ పేరును జీవితాంతం మోయవలసిన బిడ్డను ఒక్కసారి అడగటం న్యాయానికి భారం కాబోదు.