బతుకు అద్దకం – ఒక జపాన్ పాట గురించి

ప్రజల పాట అనగానే మన చెవిలో ముందు డప్పు మోగుతుంది. గొంతెత్తి పాడాలి, పిడికిలి బిగించాలి, చివరి చరణంలో తూర్పు ఎరుపెక్కాలి. ఈ కొలబద్దను నేనూ చాలాకాలం వాడాను. సభల్లో వాడాను, సమీక్షల్లో వాడాను, ఒక సందర్భంలో ఒక మనిషి మీద కూడా వాడాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. ఈ కొలబద్దకు ఏ మాత్రం లొంగని ఒక జపాన్ పాటను గురించి ఇప్పుడు రాయదలచాను.

పాట పేరు 'సెయికాత్సు నో గరా'. పాడినవాడు తకాదా వతారు. 1972లో వచ్చిన 'కెయిజు' అనే రికార్డులో ఉంది. నాకు జపనీస్ రాదు. ఆ భాష చదువుకున్న మిత్రుడొకడు పక్కన కూర్చుని మాట మాటకూ అర్థం చెబితే విన్నాను. మొదటిసారి విన్నప్పుడు నాకేమీ అనిపించలేదని ఒప్పుకోవాలి. గిటారు తీగెల్ని వేళ్లతో నెమ్మదిగా మీటుతూ, పక్కింటి అరుగు మీద కూర్చుని ఎవరో తనలో తాను కూనిరాగం తీసుకుంటున్నట్లుంది. ఇందులో పోరాటమెక్కడుంది అని అడిగాను. మిత్రుడు నవ్వి, మళ్లీ వినమన్నాడు.

పాటలోని విషయం ఇది. నడిచి నడిచి అలసిపోయినవాడు రాత్రికి గడ్డిలోకి దూరి పడుకుంటాడు. కప్పుకోవడానికి ఆకాశం తప్ప ఏమీ లేదు. ఎక్కడ పడితే అక్కడ నిద్రపట్టేది. ఈ మధ్య పట్టడం లేదు. ఎందుకంటే చలి మొదలైంది. తన బతుకు వేసవికోసం కుట్టింది కాబోలు అనుకుంటాడు. అంతే. తిట్టు లేదు, కన్నీరు లేదు, దోషి పేరు లేదు.

పేరులోని 'గరా' అన్న మాట దగ్గర ఆగాలి. బట్ట మీది అద్దకానికి, డిజైనుకి వాడే మాట అది. మనిషి తీరుకు, స్వభావానికి కూడా వాడతారట. కనుక 'బతుకు అద్దకం' అనవచ్చు, 'బతుకు తీరు' అనీ అనవచ్చు. ఇల్లులేనివాడి బతుకును ఒక పంచె గుడ్డలాగా చేతిలోకి తీసుకుని, దీని రంగులు వేసవికే నప్పుతాయి సుమా అని పరీక్షగా చూడడం ఈ కవితలోని ప్రధానమైన ఊహ. దుకాణంలో కొనేవాడి భాషను ఏమీ కొనలేనివాడు వాడుతున్నాడు. హాస్యం అక్కడుంది. చలి కూడా అక్కడే ఉంది.

ఈ మాటలు గాయకుడివి కావు. యమనొకుచి బకు అనే కవివి. ఆయన ఒకినావావాడు. 1903లో నహా పట్టణంలో పుట్టాడు. అదే సంవత్సరం ఒసాకా నగరంలో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనలో, 'మానవశాస్త్రం' పేరుతో ఐనూలను, తైవాన్ ఆదివాసులను, ఒకినావా స్త్రీలను గుడిసెల్లో కూర్చోబెట్టి జనానికి చూపించారు. ఒకినావాలో ఆందోళన రేగాక ఆ స్త్రీలను తొలగించారు. తక్కినవాళ్ల సంగతి అలాగే ఉండిపోయింది. అణగారినవాడు కూడా తనకంటే కిందివాణ్ణి చూసుకుని సమాధానపడే ఈ జబ్బు మనకు కొత్తదేమీ కాదు.

బకు 1922లో బొమ్మలు వేయడం నేర్చుకుందామని టోక్యో వచ్చాడు. మరుసటి ఏడు భూకంపం నగరాన్ని నేలమట్టం చేసింది. ఊరికి తిరిగిపోయాడు. అక్కడ తండ్రి వ్యాపారం కూలింది. మళ్లీ టోక్యో చేరి ఏళ్ల తరబడి నిలువనీడ లేకుండా తిరిగాడు. గోదాములో మూటలు మోశాడు, పొగగొట్టాలు శుభ్రం చేశాడు, మలం ఎత్తే పనీ చేశాడు. రాత్రుళ్లు పార్కు బెంచీల మీద, తెలిసినవాళ్ల వసారాల్లో గడిపాడు. గడ్డిలో పడుకోవడం ఆయనకు ప్రతీక కాదు, చిరునామా. మనలో చాలామంది ఆకలి గురించి రాసేటప్పుడు ఆకలిని చూసినవాడి కళ్లతో రాస్తాం. బకు పడుకున్నవాడి వీపుతో రాశాడు.

కలం పేరు కూడా చెప్పుకోవలసిందే. బకు అంటే పీడకలలను తినే కల్పిత జంతువు.

ఆయన మొదటి సంపుటి 'షిబెన్ నో ఎన్' 1938లో వచ్చింది. ఈ కవిత అందులోదే. ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. జపాన్ సైన్యం చైనాలో యుద్ధం చేస్తోంది. దేశంలోని మనుషుల్నీ వస్తువుల్నీ యుద్ధానికి అప్పగించే సమీకరణ చట్టం ఆ ఏడే వచ్చింది. ప్రతి ఒక్కరికీ ఒక స్థానం, ఒక కర్తవ్యం నిర్ణయించబడిన కాలంలో ఏ స్థానమూ లేని ఒకడు గడ్డిలో పడుకుని, నాకు చలేస్తోందని రాస్తున్నాడు. ఇది ప్రతిఘటనేనా? నేను అంత దూరం పోను. కాని ఆ కాలపు జపాన్ కవులు ఎందరో యుద్ధగీతాలు రాశారని, బకుకు ఆప్తుడైన కనెకో మిత్సుహరు మాత్రం కొడుకును పటాలానికి పంపకుండా ఉండడానికి గదిలో పొగబెట్టి ఉబ్బసం తెప్పించాడని తెలిసినవాళ్లకు, ఆ గడ్డి అంత అమాయకంగా కనిపించదు.

బకు రాసింది చాలా తక్కువ. జీవితకాలమంతా కలిపి 200 కవితలు దాటవు. ఒక్కొక్క కవితకు వందలకొద్దీ కాగితాలు చిత్తు చేసేవాడని ప్రతీతి. 'సంభాషణ' అనే కవితలో ఒక అమ్మాయి మీదే ఊరని అడుగుతుంది. అతను దక్షిణమంటాడు, ఇంకేదో అంటాడు, ఒకినావా అన్న ఒక్క మాట మాత్రం నోటిమీదికి రానివ్వడు. ఊరి పేరు చెబితే కులం బయటపడుతుందని ఊరు దాటవేసే మనిషిని మనం ఎరగమా? ఆ ఉపన్యాసాన్ని బకు చేయడు. దాటవేతనే కవిత చేస్తాడు.

ఇక పాడినవాడి సంగతి. తకాదా వతారు 1949లో గిఫు ప్రాంతంలో పుట్టాడు. తండ్రి కూడా కవే, కమ్యూనిస్టు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పిల్లల్ని వెంటబెట్టుకుని టోక్యో వచ్చి కూలిపని చేశాడు. కొడుకు బడి ముగిశాక అచ్చాఫీసులో చేరాడు. పని సీసపు అక్షరాలను ఏరి పేర్చడం. మన కంపోజిటర్లు గుణింతాలకూ వొత్తులకూ కేసుల ముందు ఎంత అవస్థపడేవారో చూసినవాణ్ణి. జపాన్‌లో ఆ గళ్లు వేలల్లో ఉంటాయి. ఎడమచేతిలో కాగితం, కుడిచేత్తో అక్షరం. ఒక మాట ఎంత బరువుంటుందో ఆ చేతికి తెలుస్తుంది. తకాదా తన పాటలకు ఇతరుల కవితల్ని ఎన్నుకునే తీరులో ఆ చేతివాటం ఉందని నా అనుమానం. అనవసరమైన మాట ఉన్న కవితను అతను ముట్టుకోలేదు.

1968, 69 జపాన్‌లో విద్యార్థుల ఉద్యమాలు రగిలిన కాలం. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా షింజుకు స్టేషన్ పడమటి ద్వారం దగ్గర యువకులు గిటార్లతో చేరి పాడేవారు. వేలమంది జమయ్యేవారు. 1969 జులైలో పోలీసులు దీనికి ఒక చిత్రమైన మందు కనిపెట్టారు. అక్కడి బోర్డు మీద 'మైదానం' అన్న మాట తీసేసి 'దారి' అని రాశారు. దారిలో నిలబడడం నేరం కదా! భాష మీద అధికారం అంటే ఏమిటో విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు నేనీ ఉదాహరణ చెబుతుంటాను.

ఆ కాలపు పాటల్లో ఒకబయాషి నొబుయాసు పాడిన 'సన్యా బ్లూస్' ప్రసిద్ధం. అతను పాస్టరు కొడుకు. వేదాంతం చదువు మానేసి, టోక్యోలో దినకూలీలు ఉండే సన్యా వాడలో పనిచేసి, ఆ అనుభవంతో కట్టిన పాట అది. 1968లో రికార్డుగా వచ్చింది. మహానగరాన్ని కట్టిన చేతులు మావేనన్న కూలీ గొంతు అందులో సూటిగా పలుకుతుంది. 1964 ఒలింపిక్స్ కోసం రోడ్లూ భవనాలూ కట్టింది సన్యా లాంటి వాడల మనుషులే. 1966లో ఆ వాడ పేరునే పటం నుంచి తొలగించారు. మన కొలబద్దకు ఈ పాట చక్కగా సరిపోతుంది. యువతరం ఒకబయాషిని దేవుణ్ణి చేసింది. ఆ బరువు మోయలేక కొన్నేళ్లకు అతను పల్లెకు వెళ్లి సేద్యం చేసుకున్నాడు. అతణ్ణి నేను తప్పుపట్టను. కాని ఒక గాయకుణ్ణి జెండాకర్రగా వాడుకున్న ఉద్యమం, కర్ర విరిగాక కర్రనే నిందించడం న్యాయం కాదు.

తకాదా కూడా మొదట్లో ఉద్యమంలో పేరు తెచ్చుకున్నవాడే. సైన్యంలో చేరండి, మగవాళ్లలో మగవాళ్లు కండి అని పొగుడుతున్నట్లే వెక్కిరించే అతని పాట, ఆత్మరక్షణ దళాలవారు నిజంగానే ప్రచారానికి అడిగారని చెప్పుకునేటంత మొహం మాడకుండా సాగుతుంది. తర్వాత ప్రసార సంస్థలు దాన్ని పక్కనబెట్టాయి. అరిమా తకాషి కవితను 'ధరల పెంపు' పేరుతో పాడాడు. ధరలు పెంచే ఉద్దేశమే లేదన్న ప్రకటనతో మొదలై, ఒక్కొక్క మెట్టే దిగి, పెంచక తప్పదన్న ప్రకటనకు చేరుతుంది. గాయకుడు తన వ్యాఖ్య ఒక్కటీ చేర్చడు. మంత్రుల ప్రకటనల్ని వరసగా చదివితే చాలునన్న ధీమా అది. వ్యంగ్యం రాసే మన యువకవులు ఈ పాట దగ్గర కాసేపు కూర్చోవాలి.

ఆయన సంగీతం అమెరికాది. నల్లజాతి బ్లూస్ గాయకుడు మిసిసిపి జాన్ హర్ట్ వేళ్లతో మీటే పద్ధతి, కొండప్రాంతపు కార్టర్ కుటుంబం పాటల ధోరణి, ఉడీ గత్రీ. అమెరికా యుద్ధాన్ని వ్యతిరేకించే యువకుడు అమెరికా బాణీలో పాడడమేమిటని ఆనాడే అడిగినవాళ్లుంటారు. జవాబు సులువు. పత్తి చేలల నీగ్రో కూలీ పాట, బొగ్గుగనుల పల్లెపాట పెంటగన్ సొత్తు కావు. ఆ తీగెల మీదనే తకాదా మెయిజీ కాలపు వీధి గాయకుడు సొయెదా అజెంబో రాజకీయ గీతాలను కూడా ఎక్కించాడు. ముత్తాత మాట, సముద్రం అవతలి పేదవాడి రాగం. ఇలాంటి అతుకు అన్నిసార్లూ అతకదు. అజెంబో పాటల్లో కొన్ని పురావస్తుశాలలో సామాన్లలా వినిపిస్తాయి. 'కాఫీ బ్లూస్' లాంటివి హాయిగా ఉంటాయి, అంతే. వాటికి లోతు అంటగట్టే పని నేను పెట్టుకోను.

మన పాట దగ్గరికి వద్దాం. బ్లూస్ అంటే ఏడుపు అని ఒక అపోహ ఉంది. బ్లూస్‌లో గాయకుడు తన కష్టం పక్కన కూర్చుని, దాన్ని ఎరిగినవాడిలా పలకరిస్తాడు. తకాదా చేసిందదే. ఎక్కడ పడితే అక్కడ నిద్రపట్టేదన్న చరణానికీ, చలికి నిద్రపట్టడం లేదన్న చరణానికీ ఒకే బాణీ, ఒకే నడక. గొంతు వణకదు, వేగం మారదు. రుతువు మారింది, బాణీ మారలేదు. వినేవాడే ఉలిక్కిపడాలి. గాయకుడు తనే ఉలిక్కిపడి చూపిస్తే ఆ పని మనకు తప్పిపోయేది.

దీనికి ఎదురుతర్కం ఉంది, అది బలమైనది. ఇంత మెత్తని బాణీ దారిద్ర్యాన్ని అందంగా చూపించదా? పక్క మీద పడుకునేవాడు గడ్డి మీది పాట పాడుకుంటూ మత్తెక్కడా? జరిగింది కొంతవరకు అదే. తకాదా చివరికాలంలో మద్యపానప్రియుడైన ముచ్చటైన ముసలాయనగా పత్రికలకు ఇష్టుడయ్యాడు. వేదిక మీదనే కునుకు తీసేవాడని నవ్వుకున్నారు. ఆ కునుకులో కాలేయం కరిగిపోతోందని నవ్వేవాళ్లు పట్టించుకోలేదు. 2005 ఏప్రిల్‌లో హొక్కైదోలో కచేరీ ముగిశాక కుప్పకూలి, కుషిరోలో చనిపోయాడు. 56 ఏళ్లు. పాటను వినోదంగా మార్చుకునే శక్తి మార్కెట్టుకు ఉంది. ఆ శక్తి నినాదాల పాటను కూడా వదలదు గనక, తప్పు మెత్తదనానిదే అనడానికి నాకు మనసొప్పదు.

ఇప్పుడు నా సంగతి. ఏళ్ల క్రితం ఒక యువకుడు సమీక్షకని కవిత తెచ్చాడు. పని వెతుక్కుంటూ పట్నం వచ్చి బస్టాండులో పడుకున్నవాడి కవిత. దోమల గురించి, తలకింద పెట్టుకున్న చెప్పుల గురించి, అవి పోతాయేమోనన్న భయం గురించి రాశాడు. చివర చెప్పులు పోలేదు, తెల్లవారింది, అంతే. నేను దాన్ని సభలో చీల్చి చెండాడాను. ఇందులో నిస్సహాయత తప్ప చైతన్యం లేదన్నాను. ముగింపులో ఒక మలుపు ఉండాలన్నాను. అతను వినయంగా తలూపి, చివర ఒక చరణం చేర్చి తెచ్చాడు. అందులో బస్టాండులో పడుకున్నవాళ్లంతా ఒక్కుమ్మడిగా లేచారు. బాగుందన్నాను. అచ్చయింది. ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత అతను రాయలేదు.

బకు 1958లో 34 ఏళ్ల తర్వాత ఒకినావా వెళ్లాడు. యుద్ధంలో ఆ దీవి మీద గుండ్లవాన కురిసింది. అప్పటికింకా అమెరికా సైన్యం చేతిలో ఉంది. రేవులో దిగి తన చిన్ననాటి భాషలో కుశలమడిగితే జవాబు టోక్యో జపనీస్‌లో వచ్చిందట. దాని మీద ఒక చిన్న కవిత రాశాడు. ఎవరినీ నిందించలేదు. అడిగిన ప్రశ్నను, వచ్చిన జవాబును పక్కపక్కన పెట్టాడు. 1963లో టోక్యోలోనే కన్నుమూశాడు. ఒకినావా తిరిగి జపాన్‌లో కలిసింది 1972 మే నెలలో. 'కెయిజు' రికార్డు వచ్చిన సంవత్సరమూ అదే. 1990ల చివరలో తకాదా ఒకినావా గాయకులతో కలిసి బకు కవితలతోనే ఒక ఆల్బమ్ చేశాడు. సన్షిన్ తీగెల మీద ఆ మాటలు తమ ఊరు చేరాయి.

ఆ యువకుడి కవిత మొదటి ప్రతి కోసం ఈ వ్యాసం రాయబోయే ముందు పాత కాగితాలన్నీ వెతికాను. చరణం చేర్చిన రెండో ప్రతి మాత్రమే దొరికింది. చేర్చిన చోట నా చేతిరాతలో ఎర్రసిరాతో 'ఇప్పుడు పూర్తయింది' అని ఉంది.