మార్గముల సంగమస్థానమున

దిల్‌సుఖ్‌నగర్ ప్రధానవీథికి ఇరువైపులను, చైతన్యపురి దాటి ఎల్బీనగర్ కూడలి వఱకును, మేడలపై కట్టిన శిక్షణాలయముల బోర్డులలో గ్రూప్స్, బ్యాంకు పరీక్షల నడుమ నెట్‌వర్కింగ్ పరీక్షలగు సీసీఎన్‌ఏ, సీసీఎన్‌పీ యను అక్షరములును కనిపించుచుండును. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతముల నుండి వచ్చి ఇచటి హాస్టళ్ళలో నివసించు యువకులు ఆ గదులలో నభ్యసించు విద్యలలో నాకు మిక్కిలి గౌరవము గొలిపినది ఒకటి కలదు. భిన్నభిన్న రూటింగ్ ప్రోటోకాళ్ళ మార్గములను ఫైర్‌వాల్ యొద్ద ఒకదాని నుండి వేఱొకదానికి అందజేయుటయే ఆ విద్య. రీడిస్ట్రిబ్యూషన్ అని అందఱును పిలుచునది ఇదియే. ఆదేశమును చూచినచో ఒక్క పంక్తి. ఆ పంక్తికి ఎచట హద్దు గీయవలెనో యెఱుగుట మాత్రము గురుముఖమున అభ్యసింపవలసినది.

ఒక విద్యాసంస్థకు దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రధాన కార్యాలయమును, ఎల్బీనగర్‌లో శాఖయు కలవనుకొందము. ప్రధాన కార్యాలయము ఓఎస్‌పీఎఫ్ అను రూటింగ్ ప్రోటోకాల్‌తో నడచును. శాఖలోని పాత రౌటర్లు ఆర్‌ఐపీ తప్ప వేఱొండు నెఱుగవు. ఇంటర్నెట్టు నిచ్చు సంస్థ బీజీపీతో వచ్చును. ఫైర్‌వాల్ ఈ మూడింటితోను సంబంధము పెట్టుకొని, విన్న మార్గములన్నింటిని తన పట్టికలో నుంచుకొనును గాని, ఒకదానివలన విన్నది వేఱొకదానికి తనంత తాను చెప్పదు. ఏది, ఎవరికి, ఎంతమేరకు చెప్పవలెనో కాన్ఫిగర్ చేయువాడే నిర్ణయింపవలెను.

మొదటి చిక్కు మెట్రిక్ అను కొలమానమునందు కలదు. ఆర్‌ఐపీ దారిలోని రౌటర్ల సంఖ్యను లెక్కించి, అది 16 ఐనచో గమ్యము చేరరానిదని తలచును. ఓఎస్‌పీఎఫ్ లింకుల వేగమునుబట్టి వ్యయము గట్టి, డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన పద్ధతిచే లఘుతమమార్గమును నిర్ణయించును. మియాపూర్ నుండి మెట్రోలో వచ్చి ఎల్బీనగర్‌లో దిగినవాని టికెట్టు విజయవాడ బస్సులో చెల్లనట్లు, ఒకదాని లెక్క మఱియొకదానిలో చెల్లదు గనుక, సరిహద్దున క్రొత్త మెట్రిక్ వ్రాయవలసియుండును. సిస్కో కంపెనీ యంత్రములలో ఓఎస్‌పీఎఫ్‌లోనికి వచ్చు మార్గములకు మన మేమియు చెప్పకున్నను 20 అను విలువయు, బీజీపీ నుండి వచ్చినవానికి 1 అను విలువయు దానంతటదియే చేరును. ఓఎస్‌పీఎఫ్ మార్గములను ఆర్‌ఐపీలోనికి పంపునపుడు మెట్రిక్ చెప్పుట మఱచితిమేని, అది అనంతముగా నెన్నబడి ఒక్క మార్గమైనను అవతలికి పోదు. ఓఎస్‌పీఎఫ్‌లో బయటినుండి వచ్చు మార్గములు ఈ1, ఈ2 అని రెండు రకములు. ఈ2 రకపు మార్గము ఎంత దూరము పోయినను బయటి విలువనే మోయును. ఈ1 రకము లోపలి వ్యయమును కూడ కలుపుకొనుచు పోవును. బయటి విలువను, లోపలి వ్యయమును కలిపి తూచవలసినచోట ఈ1 తగినది.

అసలు ప్రమాదము రెండు ఫైర్‌వాళ్ళు సమాంతరముగా నిలిచినచోట పుట్టును. మొదటిది శాఖ మార్గమును ఆర్‌ఐపీ నుండి ఓఎస్‌పీఎఫ్‌లోనికి చేర్చినదనుకొనుడు. రెండవది అదే మార్గమును రెండు వైపులనుండి వినును. సిస్కో లెక్కలో ఆర్‌ఐపీ విశ్వాసపు అంకె 120, ఓఎస్‌పీఎఫ్‌ది 110. చిన్న అంకెదే విశ్వాసము గనుక, శాఖ స్వయముగా చెప్పిన మాటను త్రోసిపుచ్చి, చుట్టు తిరిగి వచ్చిన మాటనే నమ్మి, దానిని మరల ఆర్‌ఐపీలోనికి పంపును. మెట్రిక్ చిన్నదైనచో శాఖలోని రౌటర్లును దానినే నమ్మును. ప్యాకెట్లు గమ్యము చేరక వలయమునబడి తిరుగుచుండును. దీనికి ట్యాగ్ నివారణము: దాటునపుడు రూట్ మ్యాప్‌తో మార్గముపై ఒక సంఖ్య వేసి, ఆ సంఖ్య గలదానిని తిరుగుదారిలో నిరాకరింపవలెను. ఓఎస్‌పీఎఫ్‌లో ట్యాగ్‌కు 32 బిట్ల చోటును, ఆర్‌ఐపీ రెండవ రూపమున 16 బిట్ల చోటును కలవు. 1988 నాటి మొదటి రూపమున దానికి తావే లేదు. ఇదిగాక, బయటినుండి వచ్చిన ఓఎస్‌పీఎఫ్ మార్గముల విశ్వాసపు అంకెను 120కి మించునట్లు మార్చుటయు నవసరము. ఈ అంకెలు అన్ని కంపెనీలకు నొకటి కావు. సిస్కోలో స్టాటిక్ రూట్ అంకె 1 కాగా, పాలో ఆల్టోలో 10.

ట్యాగ్ తరువాత ప్రిఫిక్స్ లిస్ట్. అవసరమైన నెట్‌వర్కులను పేరుపేరున వ్రాసి, తక్కినవానిని ఆపవలెను. నేటి ఇంటర్నెట్టు బీజీపీ పట్టికలో తొమ్మిది లక్షలకు మించిన మార్గములున్నవి. వానిని వడపోయక ఓఎస్‌పీఎఫ్‌లోనికి వదలినచో చిన్న రౌటర్లు నిలువజాలవు. వెలుపలికి వదలుటయు నంతియ ప్రమాదకరము. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ను తమ దేశమున అడ్డుకొనగోరి పాకిస్తాన్ టెలికాం వేసిన 208.65.153.0/24 మార్గము బీజీపీ ద్వారా బయటికి పొక్కి, యూట్యూబ్ ప్రకటించిన /22 కంటె సూక్ష్మమగుటచే లోకమంతట నమ్మబడి, సుమారు రెండు గంటలు ఆ సైటు అనేక దేశములవారికి అందకపోయెను.

ఫైర్‌వాల్‌పై ఈ జాగ్రత్త ఇంకను మిక్కుటముగా నుండవలెను. పోయిన దారిని గాక వేఱొక దారిని జవాబు వచ్చినను సామాన్యమైన రౌటరు దానిని పంపివేయును. ఫైర్‌వాల్ ప్రతి సెషన్‌ను గుర్తుంచుకొనునది గనుక, తాను ఆరంభము చూడని సెషన్ ప్యాకెట్టును నిర్దయగా పారవేయును. అపుడు ఇంజనీరు పాలసీలన్నియు తిరగవేసి తప్పు కానరాక అలసిపోవును. తప్పు రూటింగ్‌లో నున్నది.

అందుచేతనే ప్రశ్నప్రతులను కంఠస్థము చేయించి పరీక్ష గట్టెక్కించు పద్ధతి ఈ విద్యకు అపకారమని నా నిశ్చయము. ద్వారముల వంటి ఆ రెండు ఫైర్‌వాళ్ళలో ఏది ముందు మేల్కొన్నదో దానినిబట్టి వలయము పుట్టవచ్చును, పుట్టకపోవచ్చును. నెలల తరబడి సవ్యముగా నడచిన వ్యవస్థ ఒకనాడు కరెంటు పోయి వచ్చినంతనే చెడిపోవుట అందువలననే. కంప్యూటరులో నెట్‌వర్కును అనుకరించు జీఎన్‌ఎస్3 వంటి సాధనమున ఈ రెండు ఫైర్‌వాళ్ళను కట్టించి, రూటింగ్ పట్టికను వ్రాయించి, మొదటిదానిని ఆపించి, మరల లేపించి, పిదప రెండవదానిని అట్లే చేయించి, ప్రతిసారియు పట్టికను పంక్తి పంక్తిగా పోల్చి చూడుమని చెప్పు గురువు దొరకిన విద్యార్థి, క్రొత్తగా ఒక పంక్తి కనబడినపుడు దాని ట్యాగ్ చదివి, అది ఏ ద్వారమున వచ్చినదో చెప్పగలుగును.