కారయతే – చేయించుకొనును: సహాయకకర్తృత్వ విమర్శము

"స్వతంత్రజీవనము" అను సమాసమును నేఁటి పత్రికలయందును, ప్రభుత్వపత్రములయందును దఱచుగాఁ జూచుచున్నాము. అంగవైకల్యముగలవారు తా మెంచుకొన్నచోట, తమ కిష్టమైన తీరున బ్రదుకుట యని దాని యర్థము. దానికి జంటగా "వ్యక్తిగతసహాయకుఁడు" అను మఱియొక పదము వచ్చుచున్నది. పడకనుండి లేపుట, స్నానము, వస్త్రధారణము, వంట, వ్రాఁత, ప్రయాణము మున్నగు పనులందు జీతముపైఁ దోడ్పడువాఁ డితఁడు. ఈ రెండు పదములును బ్రక్కప్రక్కన నిలిచినపుడు చదువరికి విరోధము తోఁచుట సహజము. పరుల చేతులతోఁ బ్రదుకువానికి స్వాతంత్ర్య మెక్కడిదని యతఁ డడుగును. ఈ విరోధము పదార్థమును సరిగా గ్రహింపకపోవుటవలనఁ బుట్టినదే కాని వస్తువునందు లేదనియు, మన యితిహాసపాత్రలను బాఠశాలలలో వివరించునప్పుడును ఇదే పొరపాటు జరుగుచున్న దనియు నిరూపించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

స్వతంత్రుఁడే కర్త యని పాణిని (1-4-54) విధించెను. వెంటనే తరువాతి సూత్రమున (1-4-55) నట్టి స్వతంత్రునిఁ బ్రేరేపించువానికి హేతు వనియుఁ, గర్త యనియు రెండు సంజ్ఞల నొసఁగెను. కావున శాస్త్రమున స్వాతంత్ర్యమనఁగాఁ గాలుసేతులను దానే యాడించుట కాదు. క్రియయందుఁ బ్రధానుఁడై యుండుట. లోకవ్యవహారమును నిట్లే యున్నది. పాలంపేటలోని రామప్పగుడిని 1213లో రేచర్ల రుద్రుఁడు కట్టించె నందుము. అతఁ డులి పట్టెనా యని యెవఁడు నడుగఁడు. చేతులుండియు వానిని గదల్పని సేనానికిఁ గర్తృత్వ మిచ్చి, చేతులు కదలక పరునిచే వంట చేయించువానికి లేదనుట యే వ్యాకరణము?

ఇంకను సూక్ష్మముగాఁ జూడవలెను. ప్రేరణార్థకక్రియాఫలము కర్తనే చేరునప్పు డాత్మనేపదము వచ్చునని "ణిచశ్చ" (1-3-74) అను సూత్రముచే సిద్ధము. కారయతి యనఁగాఁ జేయించును; కారయతే యనఁగాఁ జేయించుకొనును. తెలుఁగున నీ భేదమును "కొను" ధాతువు తెలుపుచున్నది. "క్షవరము చేయించుకొనెను", "ఇల్లు కట్టించుకొనెను" అనుచోటఁ దలపెట్టినవాఁడును, ఫలము ననుభవించువాఁడును ఒక్కఁడే. క్షవరము చేయించుకొన్నవానిని మంగలికిఁ బరాధీనుఁడని యెవరును జాలిపడరు. వ్యక్తిగతసహాయకుని పనికి సరియైన క్రియాపద మిదియే.

దీనికి విపరీతమైన ప్రయోగము వేఱొకటి కలదు. గమనము, జ్ఞానము, భోజనము మొదలగు నర్థములుగల ధాతువులకుఁ బ్రేరణము వచ్చినపు డసలు పని చేయువాఁడు కర్మ యగునని పాణిని (1-4-52) చెప్పెను. వార్త్తికకారుఁడు కొన్ని ధాతువులను మినహాయించినను సామాన్యవిధి యిదియే. దేవదత్తునిచే వంట చేయించినచో దేవదత్తుఁడు తృతీయయందే యుండును. దేవదత్తుని భుజింపఁజేసినచో ద్వితీయకు దిగును. అంగవైకల్యముగలవానికి లోకమునఁ గలుగుచున్న గతి యిదియే. వానిని "తీసికొనిపోవుదురు", వానికి "తినిపింతురు", వానికి "తెలియఁజేయుదురు". పోవువాఁడును, తినువాఁడును, తెలిసికొనువాఁడును తానే యైనను గర్మస్థానమున నిలుచును. స్వతంత్రజీవనోద్యమము కోరిన దీ విభక్తి మార్పునే.

ఇఁక నితిహాసములను బరిశీలింతము. అయోధ్యాకాండమున దశరథుని బాణమునకు గుఱియైన మునికుమారుని కథను సేవకుఁ బరమాదర్శముగాఁ జెప్పుదురు. శ్రవణుఁడను పేరును, తలిదండ్రులను గావడి మోయుటయు వాల్మీకమున లేవు, పిమ్మటఁ జేరినవి. మూలమున నున్నది యింతయే: అంధులైన వృద్ధులకు నతఁ డొక్కఁడే యాధారము, అతఁడు నీటికి వెళ్లి మడియఁగానే వారు శవమున్నచోటి కేగుటకుఁ జంపిన రాజు చేయిపట్టవలసివచ్చెను, పుత్రునకు జలతర్పణము చేసి వారును జితి నెక్కిరి. ఈ కథ పుత్రభక్తిని బొగడునంతగా మఱియొకటియుఁ దెలుపుచున్నది. సహాయ మొక్కని ప్రేమపైనే నిలిచినచో నా యొక్కఁడు పోవఁగా సహాయము పొందువారి ప్రాణమును బోవును. వాల్మీకి యీ దుఃఖమును దాఁపలేదు. మనమే దానిని నీతికథ చేసితిమి.

సంజయుని కథ వేఱు. భీష్మపర్వమున వ్యాసుఁడు దివ్యదృష్టి నిచ్చెద ననఁగా ధృతరాష్ట్రుఁడు జ్ఞాతివధమును జూడ నొల్ల ననియు, వినినఁ జాలు ననియుఁ జెప్పెను. అంతట నా దృష్టి సంజయునకుఁ గలిగెను. చూపు వలదన్నవాఁడును, వినఁగోరినవాఁడును రాజే. అడుగువాఁడు రాజు, చెప్పువాఁడు సంజయుఁడు. అప్రియమైనను దాఁపఁడు; తప్పు రాజుదైనచో మొగముననే చెప్పును; అయినను రాజునకు బదులుగాఁ దా నేమియు నిశ్చయింపఁడు. సహాయకధర్మమున కింతకు మించిన చిత్రణము మన వాఙ్మయమున దుర్లభము. ఇంత స్పష్టముగా నుండఁగా "గ్రుడ్డివాఁడు కావున నవివేకి" యని బాలురకుఁ బాఠము చెప్పుట కావ్యద్రోహము. ధృతరాష్ట్రుని దోషము కన్నులు లేమి కాదు. విదురునివలనను, సంజయునివలనను సర్వము నెఱిఁగియుఁ గొడుకును వారింపకపోవుట. ఎఱుక యున్నందుననే యతఁడు దోషి. కర్తకుఁ గాని దోషము లేదు.

వ్యాసగణపతుల యొప్పందమును నిట స్మరింపఁదగినది. పుణె సంశోధితప్రతి దానిని బ్రక్షిప్తమని పక్కకుఁ దీసినను, కథ యొక్క మర్మము చక్కనిది. కలము నిలువఁగూడదని లేఖకుఁడును, అర్థము తెలియక వ్రాయఁగూడదని కవియు నియమము పెట్టుకొనిరి. ఇద్దఱి మాటయుఁ జెల్లినది. భారతకర్త గణపతి యని యెవరు నన్నారు?

ఈ తత్త్వమును నేఁటి కాలమున నాచరణమునఁ జూపినవారిలో నమెరికాదేశపు ఎడ్ రాబర్ట్సు ముఖ్యుఁడు. 1953లోఁ బదునాలుగేండ్ల ప్రాయమునఁ బోలియో సోఁకి మెడక్రింది భాగము చచ్చుపడినది. 1962లో బర్క్లీయందలి విశ్వవిద్యాలయమునఁ జేరెను. 1972లో నచ్చట మిత్రులతోఁ గూడి స్వతంత్రజీవనకేంద్రమును స్థాపించెను. ఉద్యోగమునకుఁ బనికిరాఁడని తన్ను మొదట నిర్ణయించిన కాలిఫోర్నియా పునరావాసశాఖకే 1975లో నధికారి యయ్యెను. స్వీడనునందు 1994లో నమలునకు వచ్చిన శాసనము సహాయకుని జీతమునకై ధనము నవసరముగలవానికే యిచ్చు పద్ధతిని నెలకొల్పెను. తన కెవరు కావలెనో తానే యెన్నుకొనును. పని తానే నేర్పును. తగనివానిని దానే మాన్పించును. ఫలము కర్తను జేరుట యనఁగా నిదియే.

సహాయకుని నేర్పు బలముకంటె మౌనమునఁ దెలియును. అంగడివాఁడు చక్రాసనమునఁ గూర్చున్నవానిని విడిచి వెనుక నిలిచినవానిని "వారికేమి కావలయు" నని యడుగును. మంచి సహాయకుఁడు బదులు పలుకక యజమానివైపు చూచును. ఆ చూపుతోఁ బ్రశ్న సరియైన కర్తను జేరును.

ఇచట నొక పూర్వపక్షము. అట్లైన సహాయకుఁడు కరణమాత్రుఁడగునా? గొడ్డలివంటివాఁడా? కాఁడు. ప్రేరితుఁ డైనను బ్రయోజ్యుఁడు కర్తయే. దాసులును, పనివారును గూడ నన్నవస్త్రములు లభించునని తమ మేలుకొఱకే ప్రవర్తింతురని పతంజలి (3-1-26) భాష్యమునఁ జర్చించెను. కావున సహాయకునకుఁ దగిన జీతము, విశ్రాంతి, గౌరవము, కూడనిపనిని గాదను నధికారము నుండవలెను. ఇంటివారిచే నూరక చేయించు సేవయందు, ముఖ్యముగాఁ దల్లి, భార్య, కోడలు చేయు సేవయందు, ఈ నాలుగును మఱుఁగుపడుచున్నవి. ప్రయోజ్యుని స్వాతంత్ర్యమును మఱచినచోఁ బ్రయోజకుని స్వాతంత్ర్యమును నిలువదు. ఏలయన విసిగినవాని చేతులలో నున్నవాఁ డడుగుటకే జంకును.

తుదకు భాషాంతరీకర్తలకొక విన్నపము. ఐక్యరాజ్యసమితి 2006లో నంగీకరించిన యొడంబడిక తన 19వ యధికరణమున వ్యక్తిగతసహాయమును బేర్కొన్నది. భారతదేశము దానిని 2007లో స్థిరీకరించినది. మన 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమును 5వ విభాగమున నా మాటనే చెప్పినది. 24వ విభాగమున మాత్రము "కేర్‌గివరు" భృతి యున్నది. భృతి వికలాంగునికే చెందునట్లు వాక్యమున్నను, బేరు పరిచర్య చేయువానిది. దీనిని దెలుఁగున "సంరక్షకుఁ" డని వ్రాయుట వాడుకలోనున్నది. ఇది పెద్ద ప్రమాదము. అదే చట్టమున 14వ విభాగము "గార్డియను"ను గూర్చి చెప్పుచున్నది. అతనికిని మనము పెట్టిన పేరు సంరక్షకుఁడే. ఒకఁడు చెప్పినపని చేయువాఁడు; మఱొకఁడు నిర్ణయమునఁ బాలుగొనువాఁడు. ఇరువురకు నొకే పేరు పెట్టినచో, జీతమునకుఁ జేరినవాఁడు క్రమముగా నింటికిఁ బెద్ద యగును. బ్యాంకునందును, ఆసుపత్రియందును సంతకమున కతనినే పిలుతురు. మొదటివానికి "సహాయకుఁ" డనియే వాడవలెను. "సంరక్షకుఁ" డను పదమును రెండవవానికే విడువవలెను.

ఇది కేవలము పదములకై చేయు కలహమని తలఁపరాదు. బాలుఁడు సంజయుని గూర్చి బడిలో నేర్చినది పెద్దవాఁడై కార్యాలయమున నాచరించును. అంగడియందు వెనుకనున్నవాని నడుగువాఁడును మన శిష్యుఁడే. కర్త యెవ్వఁడో తెలిసికొనిన పిమ్మటనే వాక్యమున కన్వయము చెప్పవలెనని నేర్పు మనము, మనుష్యుల విషయమునను ఆ క్రమమునే పాటింతుముగాక.